అభయారణ్యములు - మన పంచాయతీలు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములయందు పొలము గట్టున నిలిచి తూర్పునకు చూచినచో నల్లమల కొండలు కానవచ్చును. దినదినము మనము చూచు ఈ అడవులకును, మన గ్రామములకును గల సంబంధమెట్టిదో పంచాయతీ సభ్యులు గ్రహింపవలసియున్నది. అభయారణ్యమనగా, వన్యప్రాణులు వేట భయము లేక జీవించుటకు చట్టము కేటాయించిన చోటు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ఇందులకు ఆధారము.

నల్లమలలోని నాగార్జునసాగర్ - శ్రీశైలము అభయారణ్యము 1983లో పులుల సంరక్షణ కేంద్రమైనది. నంద్యాల వైపున గుండ్ల బ్రహ్మేశ్వరము అభయారణ్యము 1990లో ఏర్పడినది. పులి, చిరుత, ఎలుగుబంటి, దుప్పి మున్నగునవి ఈ అడవులలో కలవు. నంద్యాల నుండి గిద్దలూరు పోవు దారిలో పచ్చర్ల వద్ద అటవీశాఖవారు సందర్శకులకు వసతి కల్పించిరి. వర్షకాలమున ప్రవేశము నిలిపివేయుట కలదు గనుక ముందుగా విచారించి వెళ్లుట మంచిది. పులి కనబడలేదని నిరాశ పడనక్కరలేదు. వాగు ఇసుకపై దాని అడుగుజాడ చూచుటయు ఒక పాఠమే.

అయితే అంతకంటె పెద్ద పాఠము మిడుతూరు మండలములోని రోళ్లపాడున కలదు. బట్టమేక పిట్ట కొరకు 1988లో అచ్చట అభయారణ్యము నెలకొల్పిరి. దాని వైశాల్యము సుమారు 1,500 ఎకరములు. ఈ పిట్ట దాదాపు మీటరు ఎత్తు పెరుగును. మిడుతలను, పురుగులను తినును. బయలు నేలపై సాధారణముగా ఒక్క గ్రుడ్డే పెట్టును. ఒకప్పుడు దీనిని చూచుటకు దూరదేశముల నుండియు వచ్చెడివారు. ఇటీవలి సంవత్సరములలో అది అచ్చట కానరాకున్నది.

కారణమేమి? కంచెలోని నేల చాలక ఆ పిట్ట చుట్టుపట్ల బీళ్లపైనను, మెట్టచేలపైనను తిరిగి బ్రతికెడిది. ఆ నేలలు క్రమముగా నీటిపారుదల సేద్యములోనికి మారినవి. పశువుల త్రొక్కిడి, కుక్కల బెడద గ్రుడ్లకు చేటైనవి. సేద్యము చేసిన రైతును తప్పుపట్టరాదు. కృష్ణజింకలు పంటను పాడుచేయుచున్నవను అతని మొరయు న్యాయమైనదే. ఆ మొర వినువారు లేనిచో, అభయారణ్యమునకు ఊరివారే విరోధులగుదురు.

కావున పంచాయతీలు చేయదగిన పనులు కొన్ని కలవు. పంట నష్టమైన వెంటనే రైతుచేత అటవీశాఖకు దరఖాస్తు పెట్టించవలెను. పశువులకు గాలికుంటు వ్యాధి టీకాలు, కుక్కలకు వెర్రి వ్యాధి టీకాలు తప్పక వేయించవలెను. వేసవిలో ఆర్పని బీడీతో అడవి అంటుకొనకుండ దండోరా వేయించవలెను. అహోబిల యాత్రికులు ప్లాస్టిక్ సంచులు అడవిలో పారవేయకుండ, కోతులకు ఆహారము పెట్టకుండ చెప్పవలెను. 2002వ సంవత్సరపు జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి పంచాయతీ జీవవైవిధ్య యాజమాన్య సంఘమును ఏర్పరచి, ఊరిలోని మొక్కల, జంతువుల వివరములు నమోదు చేయవలసియున్నది. ఆ పుస్తకము వ్రాయునపుడు ముసలి కాపరులను, చెంచులను అడుగుట మరువరాదు.

అభయారణ్యమునకు ఎల్లలు ప్రభుత్వము గీయును. ఆ ఎల్లల వెలుపలి నేల మాత్రము మన చేతిలోనిది. రోళ్లపాడున పోగొట్టుకొన్నదానిని నల్లమలలోనైనను నిలుపుకొందము.