రెక్క తిరగేస్తే రేసు కారు

ప్రశ్న: నౌకాదళ విమానాల మెకానిక్‌గా 15 ఏళ్లు చేసి రిటైరయ్యాను. రేసు కార్ల ఇంజినీరింగ్‌లోకి వెళ్లొచ్చా?
– ఓ పాఠకుడు, రావికమతం

జవాబు: నిక్షేపంగా వెళ్లొచ్చు. విమానాన్ని పైకి లేపే రెక్కనే తిరగేసి బిగిస్తే, రేసు కారును నేలకు అదిమి మలుపుల్లో పట్టునిస్తుంది. టార్క్ రెంచితో కొలిచి బిగించడం, చేసిన ప్రతి పనీ రాసిపెట్టడం అక్కడా అన్నం పెట్టే అలవాట్లే. కొత్తగా నేర్వాల్సినవి సస్పెన్షన్, టైర్లు, సెన్సర్ల డేటా విశ్లేషణ.

హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న విద్యుత్ కార్ల ‘ఫార్ములా-ఈ’ రేసు తాత్కాలిక ట్రాకు మీద జరిగింది కానీ, దక్షిణాదిన ప్రధాన శాశ్వత ట్రాకులున్నది చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరుల్లో. అక్కడి జట్లలో ముందు మెకానిక్‌గా చేరండి. ఇంజినీరు కావాలంటే డిగ్రీ అవసరం పడొచ్చు. పని సీజన్‌ను బట్టే ఉంటుంది. అయినా పింఛను ఉంది కాబట్టి తట్టుకోగలరు.