పట్టణమందు గోడ కలిసిన యిల్లు కొనువారికి

పఠన భాగములు: లేవీయకాండము 25:29–31, యిర్మీయా 32:6–15, ఆదికాండము 23, లేవీయకాండము 14:33–48



మన తిరుమలగిరి 2018లో పురపాలక సంఘమైనది. పిల్లల చదువుకొరకనియు, దుకాణము పెట్టుకొందమనియు చుట్టుప్రక్కల గ్రామముల మన సంఘస్థులు కొందరు ఇచ్చట యిల్లు కొనగోరుచున్నారు. నాలుగు ప్రక్కల జాగా గల యిల్లు ప్రియము గనుక, నడిమి గోడ ఇద్దరికి ఒక్కటిగా కట్టిన వరుస యిండ్ల మీదికి మనసు పోవుచున్నది. ఆ సొమ్ము తరచుగా ఎకరమో అరెకరమో అమ్మగా వచ్చినది.

మోషే ధర్మశాస్త్రములో ఇట్టి యింటిని గూర్చి ప్రత్యేకమైన విధి యొకటి కలదు. ప్రాకారముగల పట్టణములో యిల్లు అమ్మినవాడు ఒక సంవత్సరములోగా దానిని విడిపించుకొనవచ్చును. గడువు దాటెనా, అది కొనినవానిదే. పల్లెలోని యిల్లు మాత్రము పొలముతో సమానముగా ఎంచబడి, సునాద సంవత్సరమున పాతవారికి తిరిగి వచ్చుచుండెను. మనకు సునాద సంవత్సరము లేదు. పొలమమ్మి కొన్న యిల్లు చేయి జారినచో ఆ పొలము మరల రాదు. అందుచేత బయానా ఇచ్చుటకు ముందే కాగితములు చూడవలెను.

యిర్మీయా సంగతి చూడుడి. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించియుండగా, తాను చెరసాల ప్రాంగణములో నుండగా, పినతండ్రి కుమారుడైన హనమేలు పొలమును ఆయన కొనెను. మనవాడే గదా యని మాటమీద విడువలేదు. పదియేడు తులముల వెండి త్రాసులో తూచి, క్రయపత్రము వ్రాసి, సాక్షులచేత సంతకములు చేయించెను. ముద్ర వేసినదియు, వేయనిదియు రెండు ప్రతులను బారూకు మట్టికుండలో దాచెను.

మన తెలంగాణములో తెల్లకాగితముమీది సాదా బైనామాల అలవాటు పాతది. తాతలు నమ్మకముతో కొన్నారు. మనుమలు కచేరీల చుట్టు తిరుగుచున్నారు. నూరు రూపాయలు, అంతకు మించిన విలువగల యిల్లు గాని భూమి గాని కొన్నప్పుడు దస్తావేజు రిజిస్టరు కావలెనని చట్టము. నోటరీ ముద్ర రిజిస్ట్రేషను కాదు. జి.పి.ఏ. కాగితముతో అమ్మిన అమ్మకమువలన యాజమాన్యము రాదని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పినది. సబ్ రిజిస్ట్రారు కచేరీలో ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్టు తీసి, ముప్పది యేండ్ల లావాదేవీలు చదివించుకొనుడి. జిరాక్సు చూపి, అసలు దస్తావేజు తరువాత ఇత్తుననువానితో బేరము ఆపుడి. అసలు ఏ బ్యాంకులో తాకట్టున్నదో యెవరికి తెలియును? అమ్మువాని అక్కచెల్లెండ్రకు వాటా యున్నచో వారి సంతకములు కూడ కావలెను. భూమిలేని పేదలకు సర్కారు ఇచ్చిన అసైన్డు భూమి అమ్మకమును 1977 నాటి చట్టము నిషేధించినది. మనలో అనేకుల పెద్దలకు వచ్చిన భూమి అట్టిదే గనుక ఈ మాట కొనువారికే గాక అమ్మువారికిని చెందును. పురపాలక సంఘములో యింటి అనుమతి పత్రము, పన్ను రసీదు కూడ చూడవలెను.

ఖర్చు లెక్కలో రిజిస్ట్రేషను మరువకుడి. 2021లో స్టాంపు మొదలగు రుసుములన్నియు కలిపి నూటికి ఏడున్నర రూపాయలకు పెంచిరి. పది లక్షల విలువకు అది డెబ్బదియైదు వేలు. ఇప్పటి రేటు కచేరీలోనే అడుగుడి.

ఇక గోడ మాట. ఎఫ్రోను మక్పేలా పొలమును ఊరకే ఇత్తుననగా అబ్రాహాము ఒప్పుకొనక, ఊరి గవినియొద్ద అందరు వినుచుండగా నాలుగువందల తులముల వెండి చెల్లించెను. పొలము, గుహ, సరిహద్దులలోని చెట్లు కూడ పేరు పేరున చెప్పబడెను. గోడ కలిసిన యింటికి ఈ పద్ధతి మరింత అవసరము. హద్దు నడిమి గోడకు మధ్యగానా, అంచుననా? మెట్లు, బోరు, మురుగు కాలువ ఎవరివి? పైన మరొక అంతస్తు వేయుటకు ఆ గోడమీద భారము మోపవచ్చునా? డాబా కారిన మరమ్మతు ఖర్చు ఎవరిది? ఇవన్నియు దస్తావేజులో వ్రాయించుడి. నోటిమాటగా విడిచినచో అన్నదమ్ములవలె నున్న ఇద్దరు కోర్టు పక్షులగుదురు.

యింటిగోడలో పచ్చని, ఎఱ్ఱని చారలు లోనికి దిగి కనబడినయెడల యాజకుడు ఏడు దినములు ఆ యింటిని మూసి, మరల వచ్చి చూడవలెనని లేవీయకాండములో నున్నది. అది కుష్ఠుపొడను గూర్చిన విధియే యైనను, రెండుమారులు చూచుట మనకును మంచిది. వేసవిలో క్రొత్త సున్నము కొట్టిన గోడ అందముగానే యుండును. గట్టి వాన కురిసిన మరునాడు పోయి, నడిమి గోడను అరచేత తడిమి చూడుడి. ఆవలి వారి స్నానపు గది నీరు ఈవలి గోడలో చెమ్మయై తేలును.

ఆ గోడకు ఆవల నున్న కుటుంబమును బయానాకు ముందే ఒక సాయంకాలము కలిసి మాటలాడుడి. నీళ్ల వంతు, మురుగు సంగతి, ఈ యిల్లు ఎందుకు అమ్ముచున్నారన్నది వారే మీకు చెప్పుదురు.