చిటికి నేత – చట్టపు రక్షణ

భూదాన్ పోచంపల్లి చీరలో నమూనా నేతకు ముందే రూపుదిద్దుకొంటుంది. ఆసుపై పోసిన పోగులను చిత్రానుసారం రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. రంగు మారిన ప్రతిసారీ విప్పి మళ్ళీ కట్టవలసిందే. ఈ పనినే ‘చిటికి’ అంటారు. ఇంటిల్లిపాదీ రోజుల తరబడి శ్రమించి సాధించిన ఆ రూపాన్ని అచ్చుయంత్రం గంటలలో గుడ్డపై దించగలదు.

ఈ అనుకరణను చట్టం ఎంతవరకు ఆపగలదు? కాగితంపై గీసిన చిత్రానికి 1957 నాటి కాపీరైటు చట్టం వర్తిస్తుంది. అయితే నమోదుకు అర్హమైన డిజైనును నమోదు చేయించక, పారిశ్రామిక ప్రక్రియలో 50 సార్లకు మించి ఉత్పత్తి చేస్తే ఆ డిజైనుపై కాపీరైటు అంతరిస్తుందని 15వ సెక్షను నిర్దేశిస్తున్నది. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదైతే పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు రక్షణ లభిస్తుంది. కాని డిజైను కొత్తదై ఉండాలి. తాతల నాటి నమూనాలకు ఈ ద్వారం మూసుకొన్నట్లే!

వారికి ఆసరా అయినది 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం. పోచంపల్లి ఇక్కత్‌కు 2005 నాటికి ఆ గుర్తింపు లభించింది. ఇది ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఆ ప్రాంత నేతకారుల ఉమ్మడి హక్కు. పదేళ్లకొకసారి పునరుద్ధరిస్తే ఎంతకాలమైనా నిలుస్తుంది. పోచంపల్లి పేరెత్తకుండా నమూనాను మాత్రమే అచ్చువేసి అమ్మే వ్యాపారిని నిలువరించడం మాత్రం నేటికీ కష్టమే. కొనేవారు చీరను తిరగవేసి చూడవచ్చు. అచ్చుగుడ్డ వెనుకవైపు సాధారణంగా వెలవెలబోతుంది. చిటికి నేత ఇరువైపులా ఒకే తీరుగా కనిపిస్తుంది.