అమరావతి రాళ్లు ఎవరివి?



అమరావతి మహాస్తూపం చెక్కడాలు సుమారు 120 లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు, 1859లో ఓడెక్కించారు.

"వాళ్లు తీసుకుపోబట్టే మిగిలాయి" అంటారు. కొంత నిజమే, అంతకుముందు జమీందారు మనుషులే ఆ రాళ్లు పీకి ఇళ్లకు, గుళ్లకు వాడారు. అయితే కాపాడినవాడే సొంతదారా? ఆ స్తూపానికి రాయి ఇచ్చిందెవరో శాసనాలు చూడండి. విధికుడనే చర్మకారుడు తల్లితో, భార్యతో, పిల్లలతో కలిసి పూర్ణఘటం పలక దానం చేశాడు. తోలుపని చేసే మనిషి పేరు రాతిమీద! మనం అడగాల్సింది ఆ పేరుమీదే.

ఇవ్వలేరా? సారిపుత్త, మొగ్గల్లానల ధాతువులను లండన్ మ్యూజియం 1947లో ఇచ్చేసింది. 1952 నుంచి సాంచీలో ఉన్నాయి.

ఈలోగా కారేపల్లి వాళ్లకు నేలకొండపల్లి స్తూపం సొంత జిల్లాలోనే ఉంది. పిల్లల్ని తీసుకుని పోయిరండి.