తేలు కుట్టిన దొంగలు మనింట్లో వద్దు

ఫీనిక్స్‌కి మకాం మారుస్తున్నామని చెప్పగానే తెలిసినవాళ్లు ముందు ఎండ గురించి భయపెడతారు, తర్వాత తేళ్ల గురించి. ఎండ సంగతి ఏసీ చూసుకుంటుంది. చాండ్లర్‌లోనో గిల్బర్ట్‌లోనో ఇల్లు తీసుకుని సర్దుకున్నాక, ఏదో ఒక వేసవి రాత్రి గ్యారేజి గోడ మీద ఎండుగడ్డి రంగులో, రెండంగుళాల పొడవున, తోక వంచుకుని ఒక ప్రాణి కనిపిస్తుంది. అప్పుడు మీరు పెట్టే కేక ఉందే, పిల్లలు దాన్ని మర్చిపోరు. నా బెంగ తేలు గురించి కన్నా ఆ కేక గురించే ఎక్కువ.

ముందు తేలు సంగతి చూద్దాం. అరిజోనా పరిసరాల్లోని సొనోరన్ ఎడారిలో తేళ్ల రకాలు చాలానే ఉన్నాయి. ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సింది ముఖ్యంగా ఒక్కదాని విషయంలో. దాన్ని బార్క్ స్కార్పియన్ అంటారు. అమెరికా దేశం మొత్తంలో విషం తీవ్రంగా ఉన్న తేలు ఇదే. మిగతావి ఎక్కువగా నేలనే పట్టుకుని తిరుగుతాయి. ఇది గరుకు గోడలు ఎక్కేస్తుంది, సీలింగు మీద కూడా పాకుతుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు దొరికితే లోపలికి దూరుతుంది. దీనికి తలకిందులుగా వేలాడటం ఇష్టం. రాయి ఎత్తితే ఇది కింద నేల మీద కాదు, రాయి అడుగునే అంటుకుని ఉంటుంది. పూలకుండీని, బకెట్‌ని, పెరట్లో వదిలేసిన బొమ్మ కారుని అంచు కింద వేళ్లు పెట్టి ఎత్తుతాం కదా, ఆ వేళ్లకే కుడుతుంది. అందుకని పిల్లలకి ఎన్నో జాగ్రత్తలు అప్పజెప్పకుండా ఒక్కటి నేర్పండి: కంటికి కనిపించని చోట వేలు పెట్టకూడదు. కాలితో కదిపి, చూసి, అప్పుడు ఎత్తాలి.

ఇక ఆ కేక దగ్గరికి వద్దాం. తేలు కనిపించినప్పుడల్లా అమ్మ కుర్చీ ఎక్కి, నాన్న చెప్పు పట్టుకుని పరిగెత్తి, ఆ తర్వాత గంటసేపు ‘చెప్పులు లేకుండా బయటికి వెళ్లొద్దని ఎన్నిసార్లు చెప్పాను’ అని క్లాసు పీకితే, పిల్లలకి ఒక్కటే అర్థమవుతుంది. తేలు కుట్టడం ఒక తప్పు, దానికి తిట్లు పడతాయి. ఆరేళ్లవాడు చెప్పకుండా వట్టి కాళ్లతో పెరట్లోకి వెళ్లి కుట్టించుకుంటే అచ్చంగా తేలు కుట్టిన దొంగే అవుతాడు. నోరు మెదపడు. దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. విషం ఎక్కువ ఇబ్బంది పెట్టేది చిన్నవాళ్లనే. వాళ్లలో లక్షణాలు త్వరగా ముదురుతాయి కూడా. మందూ ఉంది, ఆసుపత్రీ ఉంది, కానీ వాడు చెబితేనే కదా. అందుకే మీ నోటి నుంచి వచ్చే మొదటి మాటని ఇప్పుడే ఖాయం చేసుకోండి. ‘చెప్పావు, మంచి పని చేశావు. ఎక్కడ కుట్టింది, చూపించు.’ చెప్పుల సంగతి రేపు మాట్లాడుకోవచ్చు.

కుట్టినచోట వాపు, ఎరుపు కనిపించకపోవచ్చు. ఇది తెలియక చాలామంది ‘ఏమీ లేదులే’ అనుకుంటారు. మాటలు రాని పసివాళ్లు ఉన్నట్టుండి కేకలు పెడుతుంటే, అనుమానం ఉన్నచోట వేలితో మెల్లగా తట్టి చూడండి. తట్టినప్పుడు ఏడుపు పెరిగితే అది తేలు కుట్టిన చోటు కావచ్చు. పెద్దవాళ్లకి, ఎదిగిన పిల్లలకి సాధారణంగా మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు జివ్వుమనడం ఉంటాయి. సబ్బుతో కడిగి, చల్లటి గుడ్డ వేసి, నొప్పికి వయసుకి తగ్గ మోతాదులో టైలెనాల్ ఇస్తే చాలావరకు సరిపోతుంది. అయిదేళ్లలోపు పిల్లలైతే లక్షణాలు ఉన్నా లేకపోయినా పాయిజన్ కంట్రోల్‌కి ఫోన్ చేయండి: 1-800-222-1222. పగలూ రాత్రీ పలుకుతారు, డబ్బులు తీసుకోరు. కనుగుడ్లు అటూ ఇటూ తిరుగుతున్నా, చొంగ కారుతున్నా, కాళ్లూ చేతులూ ఎగిరెగిరి పడుతున్నా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా 911 తప్ప ఇంకెవరికీ ఫోన్ చేయొద్దు, ఇండియాలో ఉన్న డాక్టరు బావగారికి కూడా. దీనికి విరుగుడు ఉంది. మెక్సికోలో గుర్రాల రక్తం నుంచి తయారుచేసే అనాస్కార్ప్‌కి 2011లో ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అది ఎక్కించాక అంతగా గిలగిల్లాడిన పిల్లలు కూడా కొద్ది గంటల్లోనే తేరుకుంటారు.

మన ఇళ్లలో ఒక చిక్కుంది. చెప్పులు గుమ్మం బయటో గ్యారేజిలోనో విడిచి లోపలికి వస్తాం. మంచి అలవాటే, మానుకోమని అనను. కానీ రాత్రంతా బయట చీకట్లో ఉన్న బూటు తేలుకి దొరికిన పడకగది లాంటిది. బూట్ల స్టాండుని తలుపు లోపలివైపుకి మార్చండి. తొడిగే ముందు బోర్లించి దులపడం పళ్లు తోముకున్నంత మామూలు కావాలి. తడి తువ్వాలు, నేల మీద కుప్పపోసిన బట్టలు, స్విమ్మింగ్ పూల్ బొమ్మల బుట్ట కూడా అంతే. చుట్టాలొచ్చినప్పుడు హాల్లో వరసగా పక్కలు పరుస్తాం. పరిచేది గోడకి దూరంగా పరవండి, దుప్పటి అంచులు గోడకి తగలనివ్వకండి. ఉయ్యాల వయసు పిల్లలుంటే మంచం గోడకి ఆనించకుండా జరిపి, కాళ్ల కింద నున్నటి గాజు సీసాలు పెట్టే పద్ధతి ఇక్కడివాళ్లలో ఉంది. శుభ్రమైన గాజు మీద తేలు ఎక్కలేదు. పాల గూటికి చీమలు పట్టకుండా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టిన అమ్మమ్మలకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

పెస్ట్ కంట్రోల్ వాళ్లు నెలనెలా వచ్చి మందు కొడతారు. అది తేళ్ల మీద కన్నా వాటి తిండి మీద, అంటే కీచురాళ్లు, బొద్దింకల మీద బాగా పనిచేస్తుందని నా అభిప్రాయం. తలుపుల కింద రబ్బరు పట్టీలు, గోడల సందులకి సీలెంట్ వేయించడం అంతకన్నా మేలైన ఖర్చు. ఇంకొకటి, అతినీలలోహిత కాంతి టార్చి కొనండి. ఆ వెలుగులో తేళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి. వేసవి రాత్రి పిల్లలకి బూట్లు తొడిగి, ఎనిమిదేళ్లు దాటినవాళ్ల చేతికి టార్చి ఇచ్చి, పెరటి ప్రహరీ చుట్టూ ఒక చుట్టు తిప్పండి. ముట్టుకోవడం మీ పని, పొడవాటి పట్టకారుతో. కనిపెట్టడం వాళ్ల పని. ఎక్కడ ఉన్నాయో తెలిసిన పిల్లలు హడలిపోరు. వీపు మీద పిల్లల్ని మోసుకెళ్తున్న తల్లి తేలు కనిపిస్తే ప్రశ్నలు మొదలవుతాయి, ఓపిగ్గా జవాబు చెప్పండి.

ఎడారి కొండల్లోకి నడకకి వెళ్తే పాముల మాట వస్తుంది. అరిజోనాలో గిలక్కాయ పాముల జాతులు పదమూడు. ప్రతిసారీ గిలక్కాయ ఆడించి హెచ్చరిస్తుందని నమ్మొద్దు, ఒక్కోసారి చప్పుడే చేయదు. సౌత్ మౌంటెన్ పార్కుకి వెళ్లినా సూపర్‌స్టిషన్ కొండలకి వెళ్లినా పెద్దవాళ్లొకరు ముందు నడవాలి, పిల్లల చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండకూడదు, దుంగని దాటేముందు అవతల ఏముందో చూడాలి. పాము సాధారణంగా తన పొడవులో సగం దూరం దాకా కాటు వేయగలదు. అయిదారడుగులు వెనక్కి జరిగి దాని దారి దానికి వదిలేస్తే అది వెళ్లిపోతుంది. ఈడొచ్చిన మగపిల్లలతో మాత్రం విడిగా కూర్చుని మాట్లాడండి. కర్రతో కదిలించబోయి, వీడియో కోసం దగ్గరికి వెళ్లి కాటు తినేది వాళ్లే. చచ్చిన పాము తల కూడా కాసేపటిదాకా కరవగలదు. పిల్ల పాము కాటే ఎక్కువ ప్రమాదం అనే మాట మాత్రం నిజం కాదు, పెద్ద పాము దగ్గరే విషం ఎక్కువ ఉంటుంది.

కాటు పడితే ఉంగరాలు, వాచీ, కడియాలు తీసేయండి, పిల్లని ఎత్తుకుని కారు దాకా తీసుకెళ్లండి, 911కి ఫోన్ చేయండి. గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, ఇవేవీ చేయకూడదు.

ఆర్నెల్లకని వచ్చే తాతయ్య నానమ్మలు ఇక్కడే అడ్డుపడతారు. వాళ్లది అనుభవం, కాదనలేం. మన ఊళ్లలో ఎర్ర తేలు గుండెనే దెబ్బతీస్తుంది. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊళ్లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ మాత్రతో దానికి వైద్యం చేసి చూపించేదాకా ఎందరో పిల్లలు పోయారు. ఆ భయం వాళ్ల ఒంట్లో ఉంది. ఇక్కడి తేలు నరాల మీద దాడి చేస్తుందని, దీని విరుగుడు వేరని, మంత్రం వేసేవాణ్ణి వెతకక్కర్లేదని వాళ్లు వచ్చిన మొదటి వారంలోనే నెమ్మదిగా చెప్పండి. నాగుల చవితికి పాలు పోయడానికి పెరటి వెనక కనిపించే బొరియలు పుట్టలు కావు. అవి ఉడుతలవో ఎలుకలవో అయి ఉంటాయి, లోపల గిలక్కాయ పాము కూడా ఉండొచ్చు. గుడికి తీసుకెళ్లండి. షుగరున్న తాతయ్యకి మాత్రం ఒక కబురు బాగా నచ్చుతుంది: ఈ ఎడారిలో హీలా మాన్‌స్టర్ అని నల్లా నారింజ రంగుల్లో ఉండే విషపు బల్లి ఒకటుంది. జాన్ ఎంగ్ అనే డాక్టరు 1992లో దాని విషంలో కనిపెట్టిన పదార్థమే 2005లో బయెటా అనే మధుమేహం మందుగా బజారులోకి వచ్చింది. అరిజోనాలో ఆ బల్లిని 1952 నుంచే చట్టం కాపాడుతోంది, పట్టుకున్నా చంపినా నేరమే. మనవడి చేత తాతయ్యకి ఈ కథ చెప్పించండి.

పెద్దవాళ్ల ప్రయాణానికి ఇన్సూరెన్స్ కొనేటప్పుడు తేలుకాటు, పాముకాటు అందులో వస్తాయో లేదో అడిగి కనుక్కోండి. విరుగుడు మందుల బిల్లు అంతా ఇంతా కాదు. మీరిద్దరూ ఆఫీసులో ఉన్నప్పుడు పిల్లలతో ఉండేది వాళ్లే కాబట్టి పాయిజన్ కంట్రోల్ నంబరు నానమ్మ ఫోన్‌లో ‘తేలు’ అని తెలుగులో సేవ్ చేసి, ఒకసారి ఆవిడ చేతే వెతికించి చూడండి.