ఎండాకాలంలో ముల్లంగి ఎందుకు ఊరదు?

మన మైదానాల్లో ముల్లంగి, క్యారెట్ చలికాలపు పంటలు. వేసవిలో సంతకు సరుకు తగ్గి ధర పెరిగినప్పుడు, అప్పుడూ పండిస్తే బాగుండునని రైతుకు అనిపించడం సహజం. కానీ చలికాలపు రకాన్నే ఏప్రిల్‌లో వేస్తే పైన ఆకు పెరుగుతుంది, కింద దుంప సరిగా ఊరదు. కారణమేమిటి?

దుంప అంటే మొక్క చేసుకున్న పొదుపు. పగలు ఆకులు ఎండను వాడుకుని చక్కెరలు తయారుచేస్తాయి. మొక్క రాత్రింబవళ్లు శ్వాసిస్తూ వాటిలో కొంత ఖర్చుచేస్తుంది. మిగిలినదే వేరులోకి చేరుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే శ్వాసక్రియ వేగం సుమారు రెట్టింపవుతుంది. రాత్రులు కూడా వేడిగా ఉంటే పగటి సంపాదనలో ఎక్కువ భాగం తెల్లవారేసరికి కరిగిపోతుంది. క్యారెట్‌కు రంగు పట్టాలన్నా 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం కావాలి. వేడి పెరిగితే అది పొట్టిగా, పాలిపోయి ఉంటుంది.

అందుకే మొదటి మెట్టు రకం ఎంపిక. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన ‘పూసా చేత్కి’ ముల్లంగి వేసవిలోనూ వానాకాలంలోనూ ఊరుతుంది. అదే సంస్థ ఇచ్చిన ‘పూసా వృష్టి’ క్యారెట్ వేడినీ తేమనూ తట్టుకుంటుంది. దానిని జులై నుంచే విత్తవచ్చు.

రెండో మెట్టు నేలను చల్లబరచడం. వేసవి మధ్యాహ్నం ఎండిన మట్టి పైపొర 50 డిగ్రీలు దాటవచ్చు. ఆ వేడి కిందికి దిగేకొద్దీ బలహీనపడుతుంది. 10 సెంటీమీటర్ల లోతున పగలు, రాత్రి తేడా పైపొరలో ఉన్నదానిలో మూడో వంతే. క్యారెట్ విత్తనం ఉండేది సెంటీమీటరు లోతునే కాబట్టి అసలు దెబ్బ దానికే తగులుతుంది. మడిపై పలుచగా వరిగడ్డి పరిచి తడి ఆరకుండా చూస్తే, గడ్డి ఎండను ఆపుతుంది, నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. మొలక రాగానే గడ్డిని వరుసల మధ్యకు జరపాలి. వానాకాలమైతే ఎత్తుమడులు తప్పనిసరి. నీరు నిలిస్తే వేరుకు గాలి అందదు.

పూసా చేత్కి 40–45 రోజుల్లో సిద్ధమవుతుంది. పీకడం ఆలస్యమైతే వేడికి దుంప బెండుబారి, ఘాటెక్కుతుంది.

ఒక్క పరిమితి గుర్తుంచుకోవాలి. గడ్డి నేలను చల్లబరుస్తుంది గానీ, రాత్రి గాలిని కాదు. రకం తప్పితే మిగతా శ్రమ దుంపగా మారదు.