ప్రదర్శనములు, వాణిజ్య సభలు: వానివలన మన సీమకు కలుగు లాభము

పట్టణములలో వస్తు ప్రదర్శనములు, పెట్టుబడిదారుల సభలు జరుగుచుండుట మీరెల్లరు వినుచునే యున్నారు. శనగలు, పసుపు, చీనీకాయలు, అరటి మొదలగు మన పంటలను ప్రదర్శనములకు పంపుడని సంఘములకు పిలుపులు వచ్చినప్పుడు సభ్యులడుగు ప్రశ్న యొకటే: “దీనివలన మన యూరికి ఏమి వచ్చును?” ఈ ప్రశ్న న్యాయమైనది. దానిని విచారించుటయే ఈ పాఠము.

1. లాభము మొదట ఎవరికి చేరును?

ప్రదర్శన జరుగు దినములలో బస వారికి, భోజనశాలల వారికి, బండ్ల వారికి రాబడి పెరుగును. ఈ లాభము ఆ పట్టణమునకు చెందినది. సరుకు పండిన పల్లెకు కలుగు లాభము వేరు. అది మూడు విధములు: క్రొత్త కొనుగోలుదారు పరిచయమగుట, ఇతర సీమల సరుకు ప్రక్కన మన సరుకు నుంచి గుణదోషములు తెలిసికొనుట, దళారి నోటిమాటపై ఆధారపడక నిజమైన ధర నెరుగుట. ఈ మూడును ప్రదర్శన ముగిసిన పిదపనే ఫలించును. విత్తిన నాడే ఎవరు కోయగలరు?

2. హైదరాబాదు నుమాయిష్

1938వ సంవత్సరమున ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు కొందరు, స్వదేశ వస్తువులను ప్రజలకు చూపుటకై, హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులో ఒక ప్రదర్శన నెలకొల్పిరి. వారి మూలధనము రెండున్నర రూపాయలని చెప్పుదురు. 1946లో అది నాంపల్లి మైదానమునకు మారినది. నేడును ఏటేట జనవరి మాసమున ప్రారంభమగుచున్నది. దానివలన వచ్చు ఆదాయముతో ఎగ్జిబిషన్ సొసైటీ వారు సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ మొదలగు విద్యాలయములను నడుపుచున్నారు. దుకాణములు కొన్ని వారములకే తీసివేయబడును. విద్యాలయములు ఏడాది పొడవునను ఉండును. మిగులు ధనము ఎచ్చట నిలుచునో, అభివృద్ధియు అచ్చటనే నిలుచును.

3. మాట వేరు, కర్మాగారము వేరు

2023 మార్చి నెలలో విశాఖపట్టణమున జరిగిన పెట్టుబడిదారుల సభలో సుమారు 13 లక్షల కోట్ల రూపాయలకు ఒప్పందములు కుదిరినట్లు ప్రభుత్వము ప్రకటించినది. అట్టి ఒప్పందము పెండ్లిచూపుల వంటిది. భూమి, నీరు, విద్యుత్తు, రైలుమార్గము, అప్పు, ఇవన్నియు కుదిరిన పిదప గాని పని సాగదు.

దీనికి నిదర్శనము మన పొరుగుననే కలదు. జమ్మలమడుగు ప్రాంతమున ఉక్కు కర్మాగారమునకై 2007లో అంబవరము వద్దను, 2018లో కంబాలదిన్నె వద్దను, 2019లోను 2023లోను సున్నపురాళ్లపల్లె వద్దను శంకుస్థాపనలు జరిగినవి. నాలుగవ రాయి పడునాటికి ఒక్క టన్ను ఉక్కైనను అచ్చట తయారు కాలేదు. రాతిపై అక్షర మెంతకాలము నిలుచునో కలమల్లవారికి చెప్పనక్కరలేదు, క్రీ. శ. 575 ప్రాంతపు తెలుగు శాసనము మన యూరిదే. కాని శిల నిలిచినంతమాత్రమున కర్మాగారము నిలువదు. కావున సభలో పలికిన కోట్లను నమ్మి భూములు అమ్ముకొనుటగాని, రాని కొలువునకై అప్పు చేయుటగాని తగదు.

4. ఒక లెక్క

ఉదాహరణమునకు, సంఘము ఒక ప్రదర్శనకు శనగలు పంపినదనుకొందము. అంగడి బాడుగ, లారీ, మనుష్యుల కూలి కలిసి 20,000 రూపాయల ఖర్చు. చిల్లర అమ్మకముపై లాభము 8,000. పైకి చూడ 12,000 నష్టము.

కాని మచ్చు చూచిన పప్పుమిల్లు యజమాని యొకడు క్వింటాలునకు 150 రూపాయలు హెచ్చుగా నిచ్చి 200 క్వింటాళ్లు కొనెను. హెచ్చు రాబడి 30,000. జల్లించుటకు, ఏరుటకు 10,000 పోగా 20,000 మిగులును. మొదటి నష్టము తీరి సంఘమునకు 8,000 లాభము. మరుసటి యేడు అతడే నేరుగా కొన్నచో, అంగడి ఖర్చు లేకయే 20,000 మిగులును. బస్తాలలోని సరుకు మచ్చును పోలనిచో ఈ లాభమంతయు పోవును. సంఘము పేరును పోవును.

5. మనము చేయవలసినవి

సరుకు పంపుటకు ముందే సభ్యులందరి గింజను ఒకే తరగతిగా చేయవలెను. దేశవాళీ శనగను కాబూలీతో కలుపరాదు. తేమ, మన్ను, పుచ్చు, పగిలిన గింజ చూడవలెను. 1937 నాటి చట్టము ననుసరించి ఏర్పడిన అగ్‌మార్కు తరగతులు ఈ పనికి ఉపకరించును. ఎంత సరుకు, ఏ నెలలో, ఏ ధరకు ఈయగలమో వ్రాసికొని పోవలెను. వచ్చినవారి పేర్లు, వారి అవసరములు పుస్తకములో నెక్కించి, తిరిగి వచ్చిన పక్షము దినములలో జాబులు వ్రాయవలెను. ఆరు నెలల పిమ్మట లెక్కను సర్వసభ్య సమావేశమున చదివి వినిపింపవలెను.

పతకము గోడకు అలంకారము; మరుసటి యేడు మరల వచ్చిన కొనుగోలుదారుడే సంఘమునకు ఆస్తి.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

(1) మన సంఘము సరుకులలో ఒకే తరగతిగా అధికముగా ఈయగలది ఏది?

(2) గత ప్రదర్శనలో కలిసిన కొనుగోలుదారులలో ఎందరికి మరల జాబు వ్రాసితిమి?

(3) మిగులు ధనమును ఊరికి నిలుచు ఏ పనికి వినియోగింపవచ్చును?